ఉమర్ బిన్ సయీద్ ఆత్మకథ – అమెరికా జాతీయత

అమెరికా వాడు ఎవడు అనే ప్రశ్న ఆ దేశమంత పాతది. దానికి పేరుపొందిన జవాబులు కొన్ని బయటినుంచి వచ్చినవారి కలం నుంచే వెలువడటం విశేషం. ఫ్రాన్సులో పుట్టి న్యూయార్కు ప్రాంతంలో సేద్యం చేసుకున్న క్రెవెకూర్ 1782లో లండన్‌లో ప్రచురించిన లేఖల్లో ఒక లేఖకు ఆ ప్రశ్ననే శీర్షికగా పెట్టాడు. అలెక్సీ ద తోక్విల్ 1831 మే నెలలో అమెరికా తీరంలో దిగి, తొమ్మిది నెలలు సంచరించి, స్వదేశానికి పోయి 1835లో తన గ్రంథం మొదటి సంపుటిని వెలువరించాడు. అమెరికా స్వభావాన్ని గురించి మాట్లాడేవారు నేటికీ ఆ గ్రంథాన్ని ప్రమాణంగా ఉదహరిస్తారు.

సరిగ్గా ఆ 1831వ సంవత్సరంలోనే, నార్త్ కరోలినా రాష్ట్రంలో అరవయ్యేళ్లు పైబడిన ఒక బానిస పదిహేను పుటల చిన్న రచన చేశాడు. అతని పేరు ఉమర్ బిన్ సయీద్. భాష అరబీ, లిపి పశ్చిమాఫ్రికా మద్రసాలలో నేర్పే మగ్రిబీ లిపి. అమెరికాలో బానిసగా ఉన్న కాలంలోనే ఒక వ్యక్తి అరబీలో రాసుకున్న ఆత్మకథలలో ఇప్పటికి మిగిలినట్లు తెలిసినది ఇదొక్కటే. తోక్విల్ గ్రంథం ఎన్నో భాషల్లోకి పోయింది. ఉమర్ రచన చేతులు మారుతూ, మధ్యలో చాలాకాలం జాడలేకుండా పోయి, చివరకు 2017లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరింది. 2019 నుంచి దాని ప్రతిబింబాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

ఈ రెండు రచనలను పక్కపక్కన పెట్టి చదవడం ఇంతవరకు అంతగా జరగలేదు. చదివితే తేలే విషయాలు మాత్రం సామాన్యమైనవి కావు.

క్రెవెకూర్ మూడవ లేఖను ఉదహరించని అమెరికా చరిత్రకారుడు అరుదు. నానాదేశాల మనుషులు ఆ నేలమీద కరిగి కొత్త జాతిగా పోతపోసుకుంటున్నారన్న భావనకు మూలం అదే. అయితే ఆ కరిగేవారు యూరపు వారో, యూరపు వారి సంతానమో అయి ఉండాలన్నది కూడా అక్కడే ఉంది. అదే పుస్తకంలో తొమ్మిదవ లేఖ చార్లెస్టన్ నగరానికి సంబంధించినది. అందులో చెట్టుకు వేలాడుతున్న పంజరంలో, చావడానికి వదిలేసిన ఒక నల్లజాతి బానిస కనబడతాడు. పక్షులు అతని కళ్లు పొడిచేశాయి. అతడు దాహమని నీళ్లు అడుగుతాడు. రచయిత ఇన్ని నీళ్లిచ్చి, ఆ బానిసను చంపిన తోటల యజమాని ఇంటికే భోజనానికి వెళతాడు! మూడవ లేఖ పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. తొమ్మిదవ లేఖ పండితుల కంటనే పడుతున్నది. 1790లో అమెరికా కాంగ్రెసు చేసిన మొదటి పౌరసత్వ చట్టం కూడా మూడవ లేఖ దారిలోనే నడిచి, స్వేచ్ఛాయుతుడైన తెల్లవాడికే పౌరసత్వ స్వీకార హక్కు ఇచ్చింది. జాతి వర్ణ నిబంధన ఆ చట్టం నుంచి పూర్తిగా తొలగడానికి 1952 దాకా ఆగవలసి వచ్చింది.

తోక్విల్ ఇంతకంటె నిజాయితీ గల పరిశీలకుడు. మొదటి సంపుటి చివర అతడు మూడు జాతులను గురించి సుదీర్ఘమైన అధ్యాయం రాశాడు. బానిసత్వం అమెరికాకు రాబోయే ఉపద్రవమని గ్రహించాడు. కాని ఆ విషయాన్ని ఎక్కడ పెట్టాడో చూడాలి. అది అమెరికాకు సంబంధించినదే గాని ప్రజాస్వామ్యానికి సంబంధించినది కాదంటూ దానిని ప్రధాన విచారణకు వెలుపల, చివర తగిలించాడు. దక్షిణాది రాష్ట్రాల గుండా అతని ప్రయాణం కూడా అలాగే త్వరత్వరగా సాగింది.

ఆ వరుసలో ఇటీవలి గ్రంథం శామ్యూల్ హంటింగ్టన్ 2004లో రాసినది. అమెరికా జాతీయతకు కేంద్రం ఆంగ్ల-ప్రొటెస్టంట్ సంస్కృతి అనీ, తొలి నివాసులు వలసవచ్చినవారు కారనీ, ఒక సమాజాన్ని నెలకొల్పినవారనీ, తరువాత వచ్చినవారందరూ ఆ అచ్చులో ఒదిగినందువల్లనే జాతి నిలిచిందనీ ఆయన వాదం. దీనిని కేవలం ద్వేషంగా కొట్టివేయడం విమర్శ అనిపించుకోదు. కేవలం రాజకీయ సిద్ధాంతాల మీద ఒక జాతి ఎక్కువకాలం నిలబడలేదు, భాష, మతం, అలవాటు కావాలి అన్న ఆయన మాటలో బలముంది. ఇస్లామీ సమాజాల చరిత్ర తెలిసినవారు దానిని ఒప్పుకోక తప్పదు. అయితే ఆ అచ్చులో ఒదిగి కూడా లోపలికి రానివ్వబడని వాడి సంగతి ఏమిటన్న ప్రశ్నకు ఆ గ్రంథం నిలబడదు. ఉమర్ అటువంటి వాడే. ప్రొటెస్టంట్ చర్చిలో బాప్తిస్మం పొందినవాడు. ఆదివారం ఆదివారం ప్రార్థనకు వెళ్లినవాడు. అయినా 1863లోనో 1864లోనో, బానిసత్వాన్ని రద్దుచేసిన 1865 నాటి పదమూడవ సవరణకు ముందే, బానిసగానే మరణించాడు.

ఉమర్ 1770 ప్రాంతంలో నేటి సెనెగల్ దేశంలోని ఫూతా తోరోలో పుట్టాడు. రెండు నదుల నడుమ ఉన్న చోటు తన జన్మస్థలమని చెబుతాడు. ఇరవై అయిదు సంవత్సరాలు విద్యార్జన చేశానంటాడు, గురువుల పేర్లు వరుసగా చెబుతాడు. వారిలో ఒకరు సొంత అన్న. మద్రసాలో చదివిన ఎవరికైనా ఈ పద్ధతి వెంటనే పరిచితంగా తోస్తుంది. తాను ఎవరో చెప్పుకోవడమంటే ఎవరి దగ్గర చదివాడో చెప్పుకోవడమే. చదువు ముగించి ఊరికి తిరిగివచ్చిన ఆరేళ్లకు ఒక పెద్ద సైన్యం వచ్చిపడి ఎందరినో చంపింది. అతనిని పట్టుకుని సముద్రం దాకా నడిపించి క్రైస్తవులకు అమ్మారు. నెలన్నర ఓడ ప్రయాణం తరువాత చార్లెస్టన్. అది 1807. బానిసల దిగుమతిని నిషేధించే చట్టం 1808 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. కొద్ది నెలలు ఆలస్యమైతే చట్టం ప్రకారం ఆ ఓడ అక్కడ సరుకు దింపడానికి వీలుండేది కాదు.

అక్కడ కొన్న జాన్సన్ అనే వ్యక్తిని ఉమర్ రెండు మూడు విశేషణాలతో ముగించాడు: చిన్నవాడు, బలహీనుడు, దుష్టుడు, దైవభీతి ఏమాత్రం లేని కాఫిర్. క్రైస్తవ దేశంలో క్రైస్తవ నామధారిని ఒక బానిస కాఫిర్ అని రాయడం గమనించదగ్గది. ఆ మాటను అతడు మతం పేరుగా వాడలేదు. దేవునికి వెరవనివాడనే అర్థంలో వాడాడు. రెండవ యజమాని జిమ్ ఓవెన్‌కు ఆ మాట వాడలేదు. జాన్సన్ నుంచి పారిపోయి, నెలరోజులు నడిచి, ఫేయట్‌విల్ చేరి, ప్రార్థన చేసుకుందామని ఒక చర్చిలోకి వెళ్లాడు. గుర్రం మీద పోతున్న కుర్రవాడు చూసి పెద్దలకు చెప్పాడు. మనుషులు కుక్కలను వెంటబెట్టుకుని వచ్చారు. పన్నెండు మైళ్లు నడిపించి జైల్లో పెట్టారు. పదహారు రోజులు. ఆ గోడల మీద బొగ్గుతో అరబీ రాశాడనీ, దానిని చూడటానికి ఊరివారు వచ్చారనీ ప్రతీతి. చివరకు కొన్నది ఓవెన్ కుటుంబం. జిమ్ ఓవెన్ సోదరుడు జాన్ ఓవెన్ 1828 నుంచి 1830 వరకు ఆ రాష్ట్ర గవర్నరు.

ఇంతే కథ. ఇందులో వర్ణనలు లేవు, ఆక్రోశం లేదు. కథ ముందున్న భాగమే అసలు కీలకం. షేక్ హంటర్ అని సంబోధించిన ఒకరు జీవితం రాయమని కోరగా ఉమర్ కలం పట్టాడు. బిస్మిల్లాహ్‌తో ఆరంభించాడు. తరువాత ముహమ్మద్ ప్రవక్త (స) పై దరూద్. బాప్తిస్మం జరిగి అప్పటికి దాదాపు పదేళ్లు. తరువాత జ్ఞాపకం నుంచి ఖుర్ఆన్‌లోని అరవై ఏడవ సూరా అల్‌ముల్క్ రాశాడు. అది ముగిశాకే తన జీవితం రాయడం తనవల్ల కాదనీ, సొంత భాషా అరబీ కూడా చాలావరకు మరచిపోయాననీ, తప్పులకు నిందించవద్దనీ క్షమాపణ కోరాడు.

ఖుర్ఆన్‌లో నూట పద్నాలుగు సూరాలుండగా ఇదే ఎందుకు? రాత్రి పడుకునేముందు చదివే సూరా కనుక నోటికి వచ్చి ఉంటుందని కొందరనవచ్చు. అది నిజమే కావచ్చు. కాని ఆ సూరా తొలి వాక్యంలోనే ముల్క్ సర్వమూ అల్లాహ్ చేతిలో ఉందన్న ప్రకటన ఉంది. మీమ్, లామ్, కాఫ్ అనే ఆ మూడు అక్షరాల ధాతువు నుంచే యజమానికి మాలిక్, రాజుకు మలిక్, సొత్తుకు మిల్క్, బానిసకు మమ్‌లూక్ అన్న మాటలు పుట్టాయి. మరొక మనిషికి సొత్తుగా ఉన్నవాడు తన జీవితకథను ఆ ధాతువుతో ఆరంభించాడు. 2011లో ఈ రచనను కొత్తగా అనువదించి ప్రచురించిన అలా అల్‌రయ్యిస్ ఈ విషయానికి తగిన ప్రాధాన్యం ఇచ్చాడు. అంతకుముందు, 1848లో జరిగిన అనువాదం ఆధారంగా చరిత్రకారుడు జేమ్సన్ 1925లో ప్రచురించిన పాఠంలో ముల్క్‌కు రాజ్యం అనే అర్థమిచ్చే ఆంగ్ల పదమే ఉంది. నిఘంటువు ప్రకారం అది తప్పు కాదు. కాని ఆ పదం చెవిన పడగానే క్రైస్తవ పాఠకుడికి పరలోక ప్రార్థన చివరి మాటలు గుర్తుకు వస్తాయి. సొత్తు, స్వామ్యం అనే అర్థాలు మాయమవుతాయి. అనువాదంలో ఒక్క మాట ఎంత పని చేయగలదో, ఎంత పనిని చెరపగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ వెదకనక్కరలేదు.

తెలుగులో ఆ పదానికి ఆధిపత్యం అనాలా, సార్వభౌమాధికారం అనాలా, స్వామ్యం అనాలా అన్నది వేరే చర్చ. మొదటి రెండూ ప్రభుత్వ కార్యాలయాల వాసన కొడతాయి. స్వామ్యంలో యజమాని, దేవుడు ఇద్దరూ ఉన్నారు కనుక అదే మేలు. తెలంగాణలో ముల్క్ కొత్త మాట కాదు. ముల్కీ ఎవరు, గైర్‌ముల్కీ ఎవరు అని 1952లోనూ 1969లోనూ వీధులకెక్కిన తగాదా ఈ ధాతువు చుట్టూ తిరిగినదే. నేల ఎవరిది అన్న ప్రశ్నా, నేలకు చెందినవాడు ఎవడు అన్న ప్రశ్నా ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఉమర్ ముందున్నవీ ఆ రెండు ప్రశ్నలే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చర్చి వర్గాలు పంతొమ్మిదవ శతాబ్దమంతా ఉమర్‌ను మారుమనసు పొందిన మంచి బానిసగా ప్రచారం చేశాయి. అతడు నిజానికి ఆఫ్రికావాడు కాదనీ, అరబ్బు రాకుమారుడనీ కట్టుకథ అల్లారు. చదువుకున్న నల్లవాడిని ఒప్పుకోవడం కంటె రాకుమారుడిని కల్పించడం వారికి తేలిక. ఈనాటి ముస్లిం రచయితలు కొందరు సరిగ్గా దానిని తిరగేసి, అతడు చివరిదాకా రహస్యంగా ఇస్లాంపైనే నిలిచాడనీ, మిగతాదంతా నటన అనీ తీర్మానిస్తున్నారు. అందుకు రచన పూర్తిగా సహకరించదు. పూర్వం మస్జిదుకు నడిచి వెళ్లేవాడిననీ, వజూ చేసేవాడిననీ, ప్రతి ఏటా జకాత్ ఇచ్చేవాడిననీ, హజ్ చేశాననీ చెప్పినవాడే, ఇప్పుడు మెస్సీయా నేర్పిన మాటలతో ప్రార్థిస్తున్నాననీ రాశాడు. ఓవెన్ కుటుంబం తనను కొట్టదనీ, తిట్టదనీ, కడుపునిండా తిండి పెడుతుందనీ మెచ్చుకున్నాడు. ఆ కుటుంబం చదువుతుందని తెలిసి రాసిన మెప్పు అది. దానిని అక్షరాలా నమ్మడమూ, పూర్తిగా అబద్ధమనడమూ రెండూ తొందరపాటే. యజమాని కళ్ల ముందు రాసినవాడి గుండెలో ఏముందో తీర్పు చెప్పే అధికారం ముఫ్తీకీ లేదు, ప్రొఫెసరుకీ లేదు. కాగితం మీద ఉన్నది మాత్రం ఉంది: ముందు సూరా అల్‌ముల్క్, తరువాత యజమాని.

ముస్లిం పాఠకులు అమెరికాను అర్థం చేసుకోవడంలో చేసే పొరపాటు మరొకటి ఉంది. 1948 నుంచి 1950 వరకు ఆ దేశంలో ఉన్న సయ్యద్ కుతుబ్ 1951లో రాసిన వ్యాసాలు అనేకులకు అమెరికా సంస్కృతిపై మొదటి పాఠం, కొందరికి చివరి పాఠం కూడా. కొలరాడోలోని గ్రీలీ పట్టణంలో పచ్చికబయళ్ల శుభ్రత, చర్చి ఆవరణలో నాట్యం, మనుషుల మధ్య ముక్తసరి పలకరింపులు ఆయన చురుకైన కన్నుకు కనిపించాయి. కాని జాజ్ సంగీతం విషయానికి వచ్చేసరికి, దానిని నల్లవారి ఆదిమ వాంఛల రొదగా తీసిపారేశాడు. ఆ సంగీతం ఎవరి దుఃఖంలోనుంచి వచ్చిందో, వారి పూర్వికులలో నమాజు చేసినవారు ఎందరున్నారో ఆయనకు తోచనే లేదు. తాను విమర్శించిన తెల్ల అమెరికా కళ్లజోడునే ఆ ఒక్కచోట ఆయనా పెట్టుకున్నాడు. ముస్లిం లోకం అమెరికాను బయటి వస్తువుగానే చూస్తూ వచ్చింది. చార్లెస్టన్ రేవులో దిగిన హాజీ ఆ చూపులో లేడు.

ఉమర్ ఒంటరివాడు కాడు. జార్జియా తీరంలోని సపేలో ద్వీపంలో బిలాలీ ముహమ్మద్ అనే బానిస పదమూడు పుటల అరబీ ప్రతి విడిచివెళ్లాడు. దానిని చాలాకాలం తోటల లెక్కలో, దినచర్యో అనుకున్నారు. 1940లో భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ దాని గుట్టు విప్పేసరికి, అది పదవ శతాబ్దపు పండితుడు ఇబ్న్ అబీ జైద్ అల్‌ఖైరవానీ రాసిన మాలికీ ఫిఖ్హ్ గ్రంథం రిసాలా నుంచి ఎత్తి రాసిన భాగాలని తేలింది. వజూ ఎలా చేయాలి, అజాన్ ఎలా ఇవ్వాలి అన్నవే ఆ పుటల నిండా! దినచర్య కోసం వెదికినవారికి నిరాశ కలిగి ఉంటుంది. కాని ఈ నిరాశ అమెరికా సంస్కృతిని గురించి చాలా చెబుతుంది. ఫ్రాంక్లిన్ కాలం నుంచీ ఆ సంస్కృతి మనిషిని అతడు తన్ను గురించి చెప్పుకున్న కథతోనే గుర్తిస్తుంది. పేదవాడుగా పుట్టాను, పారిపోయి వచ్చాను, శ్రమపడ్డాను, పైకి వచ్చాను అని చెప్పగలిగినవాడే అమెరికా వాడు. బిలాలీ తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తన సమాజం ప్రార్థనకు ఎలా నిలబడుతుందో చెప్పాడు. ఉమర్ రెంటి మధ్యా ఉన్నాడు. అడిగిన ఆత్మకథ ఇచ్చాడు, దానికి ముందు అడగని సూరా పెట్టాడు.

ఈ వెలుగులో చూస్తే హంటింగ్టన్ చెప్పిన తొలి నివాసుల సంస్కృతి అనేది అసంపూర్ణమైన జాబితా. పుట్టుకతోనే ఆ దేశంలో ఖుర్ఆన్ ఉంది. స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ 1765లో, విద్యార్థిగా ఉన్నప్పుడే, జార్జ్ సేల్ ఆంగ్లానువాదం కొన్నాడు. 2007 జనవరిలో కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి ముస్లిం కీత్ ఎల్లిసన్ ఆ ప్రతినే తెప్పించుకుని దానిపై చేయి ఉంచాడు. పత్రికలు దీనిని గొప్పగా చాటాయి. జెఫర్సన్ అలమారాలోని ఖుర్ఆన్ కొన్నది. ఉమర్ మనసులోని ఖుర్ఆన్‌ను కొన్నవాడికి తాను ఏమి కొన్నాడో తెలియదు. రెండింటిలో ఏది అమెరికా మూలధనం అంటే ఇంతవరకు మొదటిదాని పేరే వినిపిస్తున్నది.

ఉమర్ రచనలో ఒకచోట స్వరం మారుతుంది. అంతవరకు షేక్‌ను ఉద్దేశించి మాట్లాడుతున్నవాడు ఒక్కసారిగా నార్త్ కరోలినా ప్రజలారా, సౌత్ కరోలినా ప్రజలారా, అమెరికా ప్రజలందరూ అంటూ బహిరంగంగా పిలుస్తాడు. ఇది ఖుతుబా ధోరణి, మింబర్ మీదివాడి కంఠం. ఇంతకుముందు తాను రాసిన సూరాలోనే నరకపు కావలివారు లోపలికి వచ్చినవారిని, మీ వద్దకు హెచ్చరించేవాడు ఎవరూ రాలేదా అని నిలదీసే ఘట్టం ఉంది. ఆ సూరా ముగిసేది కూడా ఒక ప్రశ్నతోనే: నీరు భూమిలోకి ఇంకిపోతే పారే నీటిని తెచ్చేదెవరు? అయినా ఉమర్ అమెరికా ప్రజలను ఖండించలేదు. మీలో ఇటువంటి మంచి కుటుంబం ఉందా అని ఓవెన్ ఇంటివారిని చూపాడు. పొగడ్తా, సాక్ష్యం అడగడమా తేల్చలేని వాక్యం అది. పౌరసత్వం లేనివాడు, తన ఒంటి మీదే హక్కు లేనివాడు ఆ దేశ ప్రజలను ఉద్దేశించి ప్రసంగిస్తాడు. ప్రజలారా అని పిలవాలంటే ఆ పిలుపు వినిపించేంత దగ్గరలో నిలబడి ఉండాలి. జెఫర్సన్ 1776లో ప్రజల తరఫున మాట్లాడాడు. ఉమర్ 1831లో ఆ ప్రజలతో మాట్లాడాడు. అదే ఏడు ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు చెలరేగి, దక్షిణాది రాష్ట్రాలు బానిసలకు చదువు చెప్పడాన్ని మరింత కఠినంగా నిషేధించాయి. ఆంగ్లంలో అటువంటి పుటలు రాసిన బానిసకు ఏమి జరిగేదో ఊహించవచ్చు. అరబీ అతనికి రక్ష అయింది, చదవగలిగినవారు చుట్టుపక్కల లేరు కనుక.

ఇటీవల ఈ కథ విస్తృత ప్రచారం పొందింది. రియానన్ గిడెన్స్, మైకేల్ ఏబెల్స్ కూర్చిన ‘ఒమర్’ అనే సంగీతనాటకం 2022లో, అతడు అమ్ముడైన చార్లెస్టన్‌లోనే తొలిసారి ప్రదర్శించబడి, 2023లో సంగీతానికిచ్చే పులిట్జర్ బహుమతి అందుకున్నది. సంతోషించవలసినదే. కాని నాటకానికి నాయకుడు కావాలి, నాయకుడికి ఒక గమ్యం కావాలి. రచనలో ఉన్న తటపటాయింపు, తప్పులకు క్షమించమనే గొణుగుడు, ఒకే విషయాన్ని రెండుసార్లు చెప్పే వృద్ధుడి జ్ఞాపకం మూలంలోనే దొరుకుతాయి. మూలాన్ని చదవడానికి అరబీ పెద్దగా రానక్కరలేదు. అక్షరాలు గుండ్రంగా, జాగ్రత్తగా ఉన్నాయి.

ఉమర్ రాసినవాటిలో మిగిలిన చివరి కాగితం 1857 నాటిది. అప్పటికతనికి ఎనభై ఏడేళ్లు ఉండవచ్చు. ఎవరో అతిథి కోరికపై రాసి ఇచ్చినట్లుంది. వెనకవైపు ఎవరో ఆంగ్లంలో, ఇది పరలోక ప్రార్థన అని గుర్తు రాసి పెట్టుకున్నారు. కాగితం తిప్పి అరబీ వైపు చదివితే అక్కడ ఉన్నది ఖుర్ఆన్ నూట పదవ సూరా అన్నస్ర్. అల్లాహ్ సహాయం, విజయం వచ్చినప్పుడు జనం గుంపులు గుంపులుగా ధర్మంలో ప్రవేశించడాన్ని గురించిన సూరా అది.